గడియారపు ఛార్జి, అన్నంభట్టు గాడిద

స్మార్ట్‌వాచ్ ఛార్జి వేగంగా తగ్గినప్పుడు అందుకు కారణమేదని అడగడం పైకి యాంత్రికంగా కనిపించినా, కారణమంటే ఏమిటన్న తర్కశాస్త్ర సమస్య అందులో ఇమిడి ఉంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో, కార్యానికి ముందు నియతంగా, అంటే తప్పకుండా ఉండేదే కారణమని నిర్వచించి, దానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో ‘నియత’ అన్న మాట లేకపోతే గాడిద వంటివి కూడా కారణాలైపోతాయని వివరించాడు. కుండ తయారయ్యే ముందు గాడిద అక్కడ ఉండి ఉండవచ్చు గానీ, ఉండి తీరాలన్న నియమం లేదు.

నిన్నటి అప్‌డేట్‌నే దోషిగా నిలబెట్టేవారు తరచుగా ఆ గాడిదనే పట్టుకుంటారు. అయితే అప్‌డేట్ తరువాత కొంతకాలం లోపలి పనులు పెరిగి ఛార్జి నిజంగానే ఎక్కువ ఖర్చుకావచ్చు గనుక ఆ అనుమానాన్ని కొట్టిపారేయడమూ తొందరపాటే. నిర్ణయానికి సాధనం అన్వయవ్యతిరేకాలు, అంటే ఒకటి ఉంటే రెండోది ఉండటం, లేకపోతే లేకపోవడం. ఎప్పుడూ వెలిగే తెర, జీపీఎస్, నిరంతర హృదయస్పందన కొలత, ఫోన్‌తో మాటిమాటికీ తెగి కలిసే బ్లూటూత్ వంటివాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. అన్నిటినీ ఒకేసారి ఆపితే ఛార్జి నిలుస్తుంది గానీ జ్ఞానం కలగదు.

కారణాలు విడివిడిగా కాక గుంపుగా పనిచేసినప్పుడు చిక్కు పెరుగుతుంది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలోని కుతుబ్‌షాహీ కాలపు పెద్ద చెరువులో నీరు తగ్గితే ఎండకు ఆవిరి కావడం, నేలలోకి ఇంకడం, ఎగువ వాగులు పూడుకుపోవడం కలిసే లెక్కకు వస్తాయి. ఇలాంటి కారణ సముదాయాన్ని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, ‘సామగ్రి’ అన్నారు. గడియారంలో ఆ సామగ్రిలో ఒకటి పాతబడిన లిథియం అయాన్ బ్యాటరీ. దాన్ని ఆపి పరీక్షించడం సాధ్యం కాదు గనుక వ్యతిరేకాన్ని చూడాలంటే కొత్త బ్యాటరీ వేయించాలి, లేదా అవే అమరికలతో అదే రకపు మరో గడియారాన్ని పక్కన పెట్టి పోల్చాలి.