కలిపేదానికి ఉనికి ఉందా?

అమెరికాలో అడవి దారులకు కొండల పేర్లు, నదుల పేర్లు, తెగల పేర్లు పెట్టడం పరిపాటి. పెన్సిల్వేనియా రాష్ట్రం మధ్యలో ఒక దారి మాత్రం చాలాకాలం ‘లింక్ ట్రయల్’ అనే పొడి పేరుతోనే నెట్టుకొచ్చింది. చేసే పనే దాని పేరు. ఉత్తరాన మిడ్ స్టేట్ ట్రయల్, దక్షిణాన టస్కరోరా ట్రయల్. రెండూ వీపున మూట కట్టుకుని రోజుల తరబడి నడిచేవాళ్ల దారులే. ఒకదాని నుంచి రెండోదానికి చేరాలంటే అపలాచియన్ కొండల వరసలు అడ్డం. కోవన్స్ గ్యాప్ పార్కు నుంచి గ్రీన్‌వుడ్ ఫర్నేస్ పార్కు దాకా, ఆ ఎడాన్ని పూడ్చిన 84 మైళ్ల కాలిబాట ఇది.

తర్కశాస్త్రం రుచి చూసినవాడికి ఈ దారి ఒక పాత తగాదాను గుర్తుచేస్తుంది. రెండు వస్తువులు కలిస్తే, ఆ కలయిక మూడో వస్తువా?

అవునని వాదించినవాళ్లు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు. సంస్కృత పాఠశాలల్లో తర్కానికి ఇప్పటికీ ఓనమాలు దిద్దించే ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. లోకంలో ఉన్నదంతా ఆయన 7 పదార్థాల్లో సర్దేశాడు. అందులో సంబంధానికి రెండు చోట్ల పీట వేశాడు. చెయ్యి పుస్తకాన్ని తాకినట్టు, కలిసి మళ్లీ విడిపోగలిగేది సంయోగం. అది 24 గుణాల్లో ఒకటి. దారాలకూ బట్టకూ ఉన్నట్టు, విడదీస్తే ఏదో ఒకటి లేకుండా పోయేది సమవాయం. దానికి ఏకంగా పదార్థం హోదానే ఇచ్చాడు.

శంకరాచార్యులకు ఈ సమవాయం అసలు మింగుడు పడలేదు. బ్రహ్మసూత్ర భాష్యంలో ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. దారాన్నీ బట్టనూ కలపడానికి సమవాయం అనే వేరే వస్తువు కావాలంటున్నారు, బాగుంది. మరి ఆ సమవాయాన్ని దారంతో కలిపేదేది? దానికి ఇంకో సమవాయం, దానికి మరొకటి. అంతులేని ఈ వరసకే అనవస్థ అని పేరు. ఇంగ్లండులో తత్వవేత్త ఎఫ్.హెచ్. బ్రాడ్లీ 1893లో ‘అప్పియరెన్స్ అండ్ రియాలిటీ’ అచ్చువేసినప్పుడు, తన దారిన తాను నడిచి ఇంచుమించు ఇదే గోడ దగ్గర ఆగాడు.

ఇప్పుడు మళ్లీ కోవన్స్ గ్యాప్‌కు వద్దాం. టస్కరోరా దారికి చెట్ల మీద నీలం పెయింటు గుర్తులు, కలిపే దారికి నారింజ రంగువి. రెండూ కలిసే చోట ఏముంటుంది? శంకరుల లెక్కన అక్కడ ఇంకో చిన్న లింకు ఉండాలి, దానికీ దీనికీ మధ్య ఇంకొకటి. చూస్తే అలాంటిదేమీ కనబడదు. ఒక్క అడుగు నేల రెండు దారులకూ చెందుతుంది, అంతే. సమవాయం తన స్వభావంతోనే అంటుకుంటుంది, దానికి వేరే జిగురు అక్కర్లేదని నైయాయికులు ఇచ్చుకున్న జవాబు ఇక్కడ మరీ మొండివాదంలా అనిపించదు.

అయితే ఈ దారుల కలయిక సమవాయం కాదు, ఒట్టి సంయోగమే. సంయోగం గురించి అన్నంభట్టు సంప్రదాయం చెప్పే మాట ఒకటి ఉంది. అది ఊరికే ఉండదు, చలనం వల్ల పుడుతుంది. చెయ్యి కదిలితేనే పుస్తకాన్ని తాకుతుంది. ఆ తాకిడి వల్ల చేతితో పాటు మొత్తం శరీరానికీ పుస్తకంతో సంయోగం కలుగుతుంది. సంయోగం నుంచి పుట్టిన సంయోగమన్నమాట. లింక్ ట్రయల్ చేసే పనికి ఇంతకంటే దగ్గరి వర్ణన దొరకదు. కలయిక ఒక వస్తువా కాదా అని తూచే బదులు, అది జరిగే పని అని చూస్తే చిక్కు సగం వీడుతుంది. ఆ పని ఆపితే ఏమవుతుందో అడవికి బాగా తెలుసు. గాలివానకు కూలిన ఓక్ మాను ఒకటి, రెండు వేసవులు అల్లుకున్న లారెల్ పొద ఒకటి చాలు, దారి మాయం. అందుకే రంపాలు, పెయింటు డబ్బాలు పట్టుకుని స్వచ్ఛందంగా వెళ్లి బాగుచేసేవాళ్లు ఉన్నంతకాలమే ఆ 84 మైళ్లూ ఉంటాయి.

పని మారినా మిగిలిపోయిన దారులు కూడా ఇక్కడ ఉన్నాయి. టస్కరోరా ట్రయల్ పుట్టిందే ప్రత్యామ్నాయంగా. 1960లలో వర్జీనియా ఉత్తర భాగంలో ప్రైవేటు భూముల మీదుగా పోయే అపలాచియన్ ట్రయల్ మూతపడుతుందేమోనన్న భయంతో పడమటివైపుగా దాన్ని ఆలోచించారు. 1968లో జాతీయ కాలిబాటల చట్టం వచ్చి పెద్ద దారికి రక్షణ దొరికింది. చుట్టుదారి అవసరం తీరిపోయింది, దారి మాత్రం 250 మైళ్లకు పైగా నిలిచింది.

లింకు మధ్యలో జాక్స్ మౌంటెన్ మీదికి పోయే ‘థౌజండ్ స్టెప్స్’దీ అదే కథ. 1936లో క్వారీ కార్మికులు ఆ రాతిమెట్లు పేర్చుకున్నది పొద్దున్నే పనికి ఎక్కడానికి. పైన తవ్విన గానిస్టర్ రాయితో, ఉక్కు కొలుముల వేడికి తట్టుకునే సిలికా ఇటుకలు కింద మౌంట్ యూనియన్‌లో చేసేవారు. క్వారీ ఆగిపోయింది. ఇప్పుడు జనం ఆ మెట్లు ఎక్కడానికే వస్తారు.

చివరికి లింకుకు కూడా సొంత పేరు దొరికింది: స్టాండింగ్ స్టోన్ ట్రయల్. హంటింగ్డన్ ఊరి దగ్గర ఆదివాసులు నిలబెట్టుకున్న ఎత్తయిన రాతి స్తంభం పేరది. 1754లో తమ నేల ఇతరుల చేతికి పోయాక, వాళ్లు వెళ్తూ ఆ రాయిని తమతో పట్టుకుపోయారని స్థానికంగా చెబుతారు. ఈనాడు ఊళ్లో ఉన్నది తర్వాత కట్టిన గుర్తు. అంటే దారికి పేరిచ్చింది అక్కడ లేని రాయి. అన్నంభట్టు దీనికీ చోటు ఉంచాడు. 7 పదార్థాల్లో చివరిది అభావం. నేల మీద కుండ లేదని మనకు తెలుస్తుందంటే, ఆ లేకపోవడం కూడా తెలియదగ్గదేనని నైయాయికుల లెక్క.

ఇంతలో కథ మరో మెలిక తిరిగింది. అలబామా నుంచి న్యూయార్క్ దాకా, ఉన్న దారుల్ని ముక్కముక్కగా కలుపుకుంటూ గ్రేట్ ఈస్టర్న్ ట్రయల్ తయారవుతోంది. టస్కరోరా, స్టాండింగ్ స్టోన్, మిడ్ స్టేట్ దారుల భాగాలు దానిలో వరసగా వస్తాయి. కలిపే దారి తానే ఒక దారమైంది. ఇక దారాల నుంచి బట్ట ఎప్పుడు పుడుతుందన్నది ప్రశ్న. దారాలన్నీ ఒకదానికొకటి తగిలాకే అని తర్కం. ఈ బట్టలో ఇంకా చిరుగులున్నాయి. కాలిబాట లేనిచోట తారురోడ్డు మీద నడవాల్సిందే. అయినా 2013లో ఇద్దరు నడకరులు మూటలు భుజానేసుకుని అలబామాలో బయల్దేరి, ఇంకా పూర్తికాని ఆ దారిని న్యూయార్క్ దాకా నడిచేశారు.