మహా పట్టణమును స్త్రీగా చూపుట న్యాయమా?

ప్రకటన గ్రంథము పదునేడవ అధ్యాయము మీ మందిరములో చదువబడునప్పుడు స్త్రీలు కూర్చుండు వైపు మీరెప్పుడైనను చూచితిరా? నేను చాల కాలము చూడలేదు. చూచిన దినమున నాకు సిగ్గు కలిగినది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పల్లె సంఘములో ఆ అధ్యాయముపై ప్రసంగించితిని. ఎఱ్ఱని మృగము మీద కూర్చున్న ఆ స్త్రీ కట్టిన వస్త్రములను, పెట్టుకొనిన ముత్యములను, చేతనున్న బంగారు పాత్రను ఒక్కొక్కటిగా వర్ణించితిని. నేటి పట్టణములును ఇట్టివే యనియు, అక్కడికి పోయిన మన పిల్లలు ఎట్లు తిరిగి వచ్చుచున్నారో చూడుడనియు చెప్పితిని. పురుషులు తలలూపిరి. స్త్రీలలో కొందరు కొంగు ముందుకు లాగుకొనిరి. ప్రసంగము బాగుగా సాగినదనుకొంటిని.

ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి గుమ్మము దగ్గర నిలిచియుండెను. “అయ్యగారూ, మా పిల్ల పట్నములో బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తున్నది. మీరు వాక్యము చెపుతుంటే అందరూ నా దిక్కే చూసినారు. దాని జీతములోనుంచే ఈ పొద్దు కానుక వేసినాను. అది బబులోను డబ్బా అయ్యగారూ?” అని అడిగెను.

“కాదమ్మా, అది ఉపమానము” అని చెప్పి బస్సు వేళయినదని వెళ్లిపోతిని. ఆ మాట అబద్ధము కాదు గాని ఆమె అడిగిన దానికి జవాబును కాదు. చెడిపోయిన పట్టణమును స్త్రీ రూపమున చూపుట న్యాయమేనా? న్యాయమైతే దానిని ఎట్లు చదువవలెను? అప్పటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు.

మొదట, ఆ స్త్రీ ఎవరు? యోహానే ఆ అధ్యాయము చివర ఆమె భూరాజుల నేలు మహా పట్టణమని విప్పి చెప్పుచున్నాడు. ఏడు తలలు ఏడు కొండలనియు, ఆమె కూర్చున్న జలములు జనములనియు తెలుపుచున్నాడు. ఆ కాలపు వారికి ఏడు కొండల పట్టణమనగా రోమా తప్ప మరొకటి తోచదు. ఇక్కడ మనము సాధారణముగా గమనింపని సంగతి యొకటి గలదు. ఆ పట్టణమును స్త్రీగా మొదట చేసినవాడు యోహాను కాడు. “రోమా” అను పేరుతో ఆ పట్టణమునే దేవతగా చేసి జనులు పూజించుచుండిరి. స్ముర్న పట్టణస్థులు క్రీ.పూ. 195లోనే ఆ దేవతకు గుడి కట్టించిరి. పెర్గములో క్రీ.పూ. 29లో రోమా దేవతకును ఔగుస్తు చక్రవర్తికిని కలిపి గుడి కట్టుటకు అనుమతి దొరికెను. ఈ రెండును యోహాను ఉత్తరములు వ్రాసిన ఏడు సంఘముల ఊళ్లలోనివే. వెస్పసియాను చక్రవర్తి క్రీ.శ. 71లో వేయించిన నాణెము మీద ఈ దేవత ఏడు కొండలపై దర్జాగా కూర్చున్నది. యెరూషలేము క్రీ.శ. 70లో కూలిన తరువాత అదే చక్రవర్తి మరియొక నాణెము వేయించెను. దానిమీద ఖర్జూరపు చెట్టు క్రింద ఏడ్చుచు కూర్చున్న స్త్రీ యున్నది. ఆమె ఓడిపోయిన యూదయ. గెలిచినది స్త్రీయే, ఓడినదియు స్త్రీయే. నడుమ కత్తి పట్టినవారు మాత్రము పురుషులు.

కావున పెర్గములోని విశ్వాసి బజారుకు పోయి ఉప్పు కొనినప్పుడు ఆ దేవత బొమ్మ అతని చేతిలోనికి వచ్చియుండవచ్చును. ఊరంతయు మ్రొక్కుచున్న ఆ దొరసానిని చూపి, ఆమె పాత్రలో ఏమున్నదో చూడుమని యోహాను చెప్పుచున్నాడు. అతడు స్త్రీ జాతిని నిందించుట లేదు, ఒక విగ్రహము ముసుగు తీయుచున్నాడు. ఈ మాట నా ప్రసంగములో లేకపోయెను.

అతనికి ముందు ప్రవక్తలును ఇట్లే పలికిరి. యెషయా యెరూషలేమును దారి తప్పిన భార్యతో పోల్చెను. నహూము నీనెవెను జనములను అమ్మివేయు మాయలాడిగా చూపెను. హెబ్రీలోను గ్రీకులోను పట్టణమను మాటయే స్త్రీలింగము. తెలుగులో అట్లు లేదు గాని మన భాషకు వేరొక చిక్కు ఉన్నది. “వాడు చెడినాడు” అందుము. “ఆమె చెడినది” అందుము. “ఊరు చెడినది” అందుము. ఏకవచనములో స్త్రీకిని ఊరికిని ఒకటే క్రియ. పదిమంది స్త్రీలు కూడినప్పుడు మాత్రము “వారు” అని మనుష్యులలో చేర్చుదుము. అందువలన పట్టణము చెడినదని వేదికమీద చెప్పిన మాట వినువారి చెవిలో ఎవరి కూతురి మీదనో పడుట మనలో బహు సులభము.

ఇక కల్పిత కథలలో ఈ పోలికను వాడినవారిలో మన పల్లెలకు ఎక్కువగా తెలిసినవాడు జాన్ బనియన్. ప్రసంగము మానలేదని బెడ్‌ఫర్డు చెరసాలలో పండ్రెండేండ్లు గడిపిన ఈయన వ్రాసిన “యాత్రికుని ప్రయాణము” మొదటి భాగము 1678లోను, రెండవది 1684లోను అచ్చయినవి. మొదటి భాగములో వ్యర్థత అను పట్టణము గలదు. అక్కడ సంత ఏడాది పొడవునను జరుగును. ఇండ్లు, పొలములు, పదవులు మొదలుకొని భార్యలు, భర్తలు, బిడ్డలు, రక్తము, ఆత్మల వరకు ఆ సంతలో అమ్మకమునకున్నవి. అక్కడనే నమ్మకస్థుడను యాత్రికుని కాల్చి చంపిరి. అతనికి తీర్పు తీర్చిన న్యాయాధిపతియు పురుషుడే, దోషియని చెప్పిన పండ్రెండుగురును పురుషులే. గ్రుడ్డివాడు, అబద్ధికుడు, క్రూరుడు అనునట్టి పేర్లు వారివి. బనియన్ ఇది తెలిసి చేసెనో తెలియక చేసెనో గాని, భక్తుని చంపిన ఆ సభలో ఒక్క స్త్రీ లేదు.

రెండవ భాగములో ఆ లోకమే స్త్రీ రూపమున వచ్చును. ఆమె పేరును మన భాషలో బుడగ దొరసాని అనవచ్చును. మంచి బట్టలు కట్టినది, వయసు మాత్రము మళ్లినది, నవ్వుచు మాటాడును, నడుమున పెద్ద సంచి యున్నది, చేయి మాటిమాటికి ఆ సంచిలోనికే పోవును. స్థిరుడను యాత్రికుడు అలసి, నిద్ర తూగుచు, చేతిలో కాసు లేక యున్న వేళ చూచి ఆమె దగ్గరకు వచ్చెను. అతడు మోకరించి ప్రార్థించెను, ఆమె తొలగిపోయెను. అప్పులలో మునిగినవారెవరును ఆ సంచిని మరువలేరు. ఆమె అందమున కంటె ఆ సంచిలోనే బనియన్ నేర్పు నాకు కనబడుచున్నది.

అయితే ఇదే భాగములో, బుడగ దొరసాని రాకముందే, గాయియు అను సత్రపు యజమాని స్త్రీల పక్షముగా మాటాడుచున్నాడు. ప్రభువునకు ఉపచారము చేసినవారును, ఆయన పాదములను కన్నీళ్లతో కడిగినదియు, సిలువ యొద్ద నిలిచినవారును, సమాధి యొద్దకు మొదట వెళ్లినవారును స్త్రీలే గదా యని అతడు గుర్తుచేయును. బుడగ దొరసాని కథ చెప్పు ప్రసంగికులను అనేకులను చూచితిని. గాయియు మాటలు చెప్పినవారిని బహు తక్కువగా చూచితిని. నేనును చెప్పలేదు.

ఇప్పుడు పదునెనిమిదవ అధ్యాయమునకు వెళ్లుదము. నేను ఆ దినము అంతవరకు పోలేదు. పదునేడవ అధ్యాయములోని వస్త్రముల యొద్దనే ఆగిపోతిని. పట్టణము కాలుచుండగా ఏడ్చుచున్నవారెవరు? రాజులు, వర్తకులు, ఓడ నాయకులు. వర్తకుల దుఃఖమునకు కారణము తమ సరకు కొనువారు లేకపోవుటయే. ఆ సరకుల పట్టీ బంగారముతో మొదలై, పట్టు, దంతము, సుగంధములు, గోధుమలు, పశువులు అని క్రిందికి దిగి, చిట్టచివర మనుష్యుల శరీరములను, ప్రాణములను చేర్చుచున్నది. ఆమె ధరించిన ముత్యములు ఎక్కడినుండి వచ్చినవో ఈ పట్టీ చెప్పును. అంతకంటె భయంకరమైన మాట పదునేడవ అధ్యాయము చివర నున్నది. ఆమెను మోసిన మృగమును, దానితో చేరిన పది రాజులును ఆమెను ద్వేషించి, దిగంబరిగా చేసి, కాల్చివేయుదురు. నిన్నటివరకు ఎత్తుకొని తిరిగినవారే వీరు. ఒక పడుచు కాలు జారినప్పుడు ఆమెను మొదట విడిచిపెట్టువాడు ఎవడో మన ఊళ్లలో అందరికిని తెలిసినదే.

హోషేయ నాలుగవ అధ్యాయములో దేవుడు, మీ కుమార్తెలు తప్పినందుకు నేను వారిని శిక్షింపను, పురుషులే ఆ దారిన పోవుచున్నారు గదా యని చెప్పుచున్నాడు. యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయములో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ప్రభువు నొద్దకు ఈడ్చుకొనివచ్చిరి గాని, ఆమెతో పట్టబడవలసిన పురుషుడు కనబడుట లేదు. యెహెజ్కేలు సొదొమ దోషమును లెక్కించునప్పుడు గర్వమును, కడుపునిండ తిండియు, నిశ్చింతయు, దీనుల చేయి పట్టకపోవుటయు అని చెప్పెను. పట్టణ పాపమును లెక్కించుటలో ప్రవక్తల లెక్క వేరు, మన లెక్క వేరు.

యెరికోను తలంచుడి. ఆ పట్టణములో నిజముగా వేశ్యయైన స్త్రీ యుండెను; ప్రాకారము మీదనే ఆమె ఇల్లు. ప్రాకారము కూలినది, ఆమె బ్రదికినది. మత్తయి వ్రాసిన వంశావళిలో ప్రభువు పితరుల నడుమ రాహాబు పేరు ఇప్పటికిని ఉన్నది.

పట్టణములో పాపము లేదని నేననుట లేదు. అక్కడ వలలున్నవి, కుమార్తెలకెన్ని యున్నవో కుమారులకు అన్ని యున్నవి, కుమారుల జీతము సారా దుకాణములోనే ఎక్కువగా కరగుచున్నది. గాని ఆ తల్లి కూతురు పట్నమునకు ఎందుకు పోయినదో తరువాత విచారించితిని. పెండ్లికి కట్నము కూడబెట్టుకొనుటకు పోయినది. అడిగినవారు మన విశ్వాసులే. ఆ దినము గట్టిగా తలలూపినవారిలో ఒకరి కుమారుని కొరకే ఆ బేరము జరిగినది. కట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. మన మందిరములలో దానిని ఎవరును చదువరు. మనుష్యుల శరీరములకు, ప్రాణములకు వెల కట్టు ఆ వర్తకుని దుకాణము పట్నములోనే యున్నదని నేనెట్లు చెప్పితిని? మందిరపు చాపమీదనే అది తెరచియుండెను.

మరియొక సంగతి. వేశ్యను చూపుటకు యోహానును అరణ్యమునకు తీసికొనిపోయినది ఏడు పాత్రల దూతలలో ఒకడు. ఇరువదియొకటవ అధ్యాయములో ఆ ఏడుగురిలో ఒకడే వచ్చి, అతనిని ఎత్తైన కొండకు తీసికొనిపోయి, పెండ్లికుమార్తెను చూపుచున్నాడు. ఆమెయు పట్టణమే, ఆమెయు స్త్రీయే. మొదటిది ముత్యములు మెడలో వేసికొనినది; రెండవ దానిలో ముత్యములు గుమ్మములైనవి. మొదటి దాని ఒంటి మీది బంగారము రెండవ దానిలో కాళ్లక్రింద వీధియైనది. ఆ గుమ్మములు మూయబడవు. ఈ రెండు అధ్యాయములను విడదీసి, మొదటిదానినే పల్లెలకు మోసికొనిపోవుట నా తప్పు. మన ప్రభువు తానే యెరూషలేమును చూచి ఏడ్చినవాడు. పిల్లలను రెక్కలక్రింద చేర్చుకొను కోడితో తన్ను పోల్చుకొనుటకు ఆయన వెనుదీయలేదు.

మొన్న ఆ ఊరికి మరల వెళ్లి ఇదంతయు ఆ తల్లితో చెప్పితిని. ఆమె చేటలో బియ్యము ఏరుచు చివరివరకు విని, “నాకు చెపితే ఏమి లాభము అయ్యగారూ? ఆనాడు విన్నవాళ్లకు చెప్పండి. క్రిస్మసుకు పిల్ల వస్తుంది, అప్పుడు చెప్పండి” అనెను.

క్రిస్మసుకు ముందటి ఆదివారమున పదునెనిమిదవ అధ్యాయము చదివించవలెననియు, ప్రసంగమునకు నాకు సమయమియ్యవలెననియు అక్కడి పెద్దలకు జాబు వ్రాసియున్నాను. ఇంకను జవాబు రాలేదు.