ధాన్యపు కొట్టులో అహింస

మన దుకాణములలో ప్రతి వానకాలమునను ఒక ప్రశ్న పుట్టుచుండును. కందిపప్పు బస్తా విప్పగా పురుగు కనబడినది. ఏమి చేయవలెను? చంపిన వ్రతభంగము, చంపకున్న సరకు నష్టము. దీనిపై ఎంత వాదించినను తెగదు. నాకు తోచినంతవరకు ఆ ప్రశ్న నాలుగు నెలలు ఆలస్యముగా వచ్చినది.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించుచు, ప్రాణహానిని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ప్రమాదమును, అనగా ఏమరుపాటును, దానికి మూలముగా చెప్పెను. మార్వాడునుండి వచ్చిన కుటుంబముల పూర్వులకు ఈ విషయమున ఎడారి గాలియే తోడ్పడినది. తేమ వందకు 9 పాళ్ళకు తగ్గిన గింజలో ముక్కుపురుగు వృద్ధి చెందజాలదు. బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతములు మెట్టభూములే గాని ఎడారి కావు. నైరుతి వానలు పోయిన పిదప ఈశాన్యపు వానలు వచ్చును. అచ్చట గాలి చేసిన పని ఇచ్చట మనము చేసికొనవలెను.

ఈ సీమ రైతులు రాగులను పాతరలలో ఏండ్ల తరబడి నిలువ చేసెడివారు. రాగిగింజ సన్నము గనుక పురుగుకు ఇముడు చోటు లేదు. బాధ అంతయు అనుములు, ఉలవలు, కందులతోనే. పుచ్చుపురుగు చేనిలోనే కాయపై గ్రుడ్డు పెట్టి, గింజతోపాటు మన ఇంటికి వచ్చును. కావున హింస బొత్తిగా లేకుండ చేయగలమనుట అతిశయోక్తి, తగ్గించగలము. ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టుట, పప్పునకు ఆముదము రాచుట మన ఇల్లాండ్రకు తెలిసిన పనులే. అయితే ఎప్పుడు రాచితిమన్నది చూడవలెను. ముందే రాచిన గింజపై పురుగు గ్రుడ్డు పెట్టుటకు వెనుదీయును. గ్రుడ్లు పెట్టిన తరువాత రాచిన, ఆ నూనెయే వాటికి గాలి ఆడనీయక చంపును.

చెదలకు తేమ, నేలతోడి సంబంధము కావలెను. లెక్కపుస్తకముల పెట్టెను గోడకు జానెడు ఎడముగా రాతిపలకపై ఉంచి వారమున కొకమారు చూచిన చాలును. ఎలుక కన్నమును, లోపల ఏదియు లేదని తెలిసికొని, రాళ్ళతో పూడ్చవలెను. పిల్లిని పెంచరాదా అందురు. హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దపు తమ యోగశాస్త్రమున శ్రావకుడు విడువవలసిన 15 వృత్తులలో విషవ్యాపారమును, ధనార్థము పిల్లులు మొదలగువానిని పెంచుటను చేర్చిరి. మనది ధనార్థము కాదనవచ్చును గాని, పిల్లిని ఎందుకు తెచ్చితిమో మనకు తెలియదా?

ఇక బిళ్ళల సంగతి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ తేమ తగిలిన విషవాయువును విడుచును. అందుకే ప్రభుత్వము దాని వాడుకను కట్టడి చేసినది. అయినను కూలివానిచే పెట్టించి, “నేను చేయలేదు” అనుకొనువారు లేకపోలేదు. చేయుట, చేయించుట, మెచ్చుట మూడింటిని ప్రతిక్రమణములో తలచుకొను మనకు ఈ మాట తగదు. పైగా అపాయము ఆ కూలివాని ప్రాణమునకు!

మరియొక యుక్తి కలదు. పురుగు పట్టిన బస్తాను చంపకుండ, చెప్పకుండ, సంతలో అమ్మివేయుట. కొన్న ఇల్లాలు దానిని ఏమి చేయునో మనకు తెలిసియే అమ్ముచున్నాము. ఇందులో అహింస లేదు. సత్యము అసలే లేదు. జల్లించి, పురుగును గుప్పెడు నూకతో నీడన విడిచి, దోషము చెప్పి తగ్గింపు ధరకు ఇయ్యవలెను. ఆ తగ్గిన సొమ్మును ధర్మఖాతాలో వ్రాయుదమని తోచవచ్చును. వ్రాయరాదు. అది వేసవిలో ఆరబెట్టని బస్తాకు పడిన ఖర్చు, దుకాణపు నష్టములోనే చేరవలెను.