మూలచ్ఛేదము

జనకుని సభలో తనతో వాదించిన శాకల్యుని శిరస్సు నేలగూలిన పిమ్మట, నోరు మెదపుటకు వెఱచియున్న బ్రాహ్మణ సమూహమును జూచి యాజ్ఞవల్క్యుడు వేసిన తుదిప్రశ్న వృక్షమును గూర్చినది. నరుని రోమములను ఆకులతోడను, చర్మమును బెరడుతోడను, ఎముకలను చేవతోడను పోల్చి, నరకబడిన చెట్టు మొదటినుండి మరల చిగుర్చుచున్నది గదా, మృత్యువు నరకిన మనుష్యుడు ఏ మూలమునుండి మరల మొలచుచున్నాడని ఆయన అడిగెను. వేళ్లతో పెకలించిన చెట్టు మాత్రము మరల పుట్టదనియు ఆయనయే చెప్పెను. సభలో ఎవ్వరును బదులు పలుకలేదు. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయము ఈ ఘట్టముతోనే ముగియుచున్నది. సంసారాశ్వత్థమును అసంగమను శస్త్రముతో ఛేదింపుమను గీతోపదేశమును, వేరు చెడని చెట్టువలె తృష్ణయు మరల పెరుగునను ధమ్మపద బోధయు తలచుకొన్నచో, మన మోక్షచింతనలో మూలచ్ఛేదమను భావన యెంత లోతుగా నాటుకొన్నదో తెలియగలదు. అయితే ఈ ఉపమానమును వల్లించు పండితులలో స్వహస్తములతో ఒక మొద్దును తీసినవారు అరుదు. తీసినవారి అనుభవమును విచారించినచో, మూలచ్ఛేదము ఒక్క వ్రేటుతో తీరునా, అభ్యాసముచేత క్రమముగా సిద్ధించునా యను పాతప్రశ్నకు కొంత వెలుగు దొరకునని నా నమ్మకము.

ప్రకాశము, కృష్ణా, ఖమ్మం జిల్లాల మెట్టలలో కాగితపు మిల్లులకై జామాయిలు పెంచిన రైతు, ఒకటిరెండు నరకుళ్లైన తరువాత ఆ నేలలో వేరొక పంట వేయదలచినప్పుడు, చాలువెంట నిలిచిన మొద్దులే ఆతనికి ప్రతిపక్షములు. జేసీబీని పిలిపించి పెకలింపవచ్చును. కాని మొద్దుతోపాటు బండెడు మన్నును లేచివచ్చి, పైమట్టి అడుగునకును అడుగుమట్టి పైకిని పోయి, చేను గుంతలమయమగును. ఈ బాధ పడలేకయే చిన్న ట్రాక్టరు కలవారు కొందరు, మొద్దును ఉన్నచోటనే తురిమివేయు పరికరమును ఊరి వెల్డింగు షెడ్డులో స్వయముగా చేయించుకొన దలతురు.

ట్రాక్టరు వెనుకనుండు పీటీవో షాఫ్టు నిమిషమునకు 540 మారులు తిరుగును. ఆ భ్రమణమును గేర్‌బాక్సు ద్వారా ప్రక్కకు మరల్చి, అంగుళము మందపు ఉక్కుపలకనుండి కోసిన చక్రమునకిచ్చి, దాని అంచున కార్బైడు మొనగల పండ్లను బోల్టులతో బిగించినచో, తత్త్వదృష్ట్యా యంత్రము పూర్తియైనట్లే. తక్కినదంతయు వివరము; కాని షెడ్డులో వివరమే సర్వస్వము. పాత రోటవేటరు గేర్‌బాక్సు చౌకగా దొరకినదని దానిని తగిలించినవాడు నిరాశపడును, ఏలయన అది సాధారణముగా వేగమును తగ్గించునది. పొదలు నరకు స్లాషరు గేర్‌బాక్సు వేగమును పెంచునది గావున అదియే తగినది. అయితే స్లాషరులో నేలను జూచు షాఫ్టును ఇచ్చట ప్రక్కకు త్రిప్పి అమర్చుచున్నాము గనుక, నూనె అన్ని బేరింగులకును అందుచున్నదో లేదో, గాలి విడుచు రంధ్రము మీదివైపుననే యున్నదో లేదో చూచుకొనవలయును. రెండడుగుల చక్రము 540 వేగముతోనే తిరిగినను, అంచుననున్న పన్ను సెకనుకు సుమారు 17 మీటర్లు పరుగిడును. దానికి సరిగా ఎదుట అంతే బరువుగల మరియొక పన్ను లేనిచో ఆ అసమత బేరింగులను తినివేయును. పండ్లకు తగిలి యెగసిన రాయి మనుష్యుని కన్ను తీయగలదు గావున, చక్రముపై ఇనుపరేకు కప్పును, వెనుక రబ్బరుతెరయును, షాఫ్టునకు తొడుగును లేనిదే దీనిని నడపరాదు.

ఇక నడుపుట. తొలిసారి కూర్చున్నవాడు ఆత్రముతో చక్రమును మొద్దు నడినెత్తిన దింపును. పండ్లు చేవలో చిక్కుకొనును. షియర్ బోల్టు పుటుక్కున తెగును. అది తెగుటకై పెట్టిన మెత్తని బోల్టు. దాని స్థానమున గట్టిదానిని బిగించి తన తెలివికి మురియువాడు కొలదికాలముననే గేర్‌బాక్సును పోగొట్టుకొనును. (ఉపవాసములతో దేహమును కూల్చుకొనిన తాపసుల విషయమున బుద్ధుడు గ్రహించినది ఇట్టిదే.) పని తెలిసినవాడు ముందుగా మొద్దుచుట్టును మన్నుతీసి రాళ్లేరి, అంచున మొదలిడి, చక్రమును అంగుళమో రెండంగుళములో దించి, హైడ్రాలిక్ సిలిండరుచే దానిని ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు ఆడించుచు పొరపొరగా తీయును. ప్రతి పొరయు అల్పము. ఏ పొరయు విజయమువలె కనబడదు. కాని కొంతసేపటికి మొద్దున్నచోట పొట్టు మాత్రమే మిగులును. అసంగశస్త్రమును మనము ఎల్లప్పుడును గొడ్డలిగానే ఊహించుట పొరపాటని నాకు తోచును. గొడ్డలి చెట్టును పడవేయును. అది నిశ్చయమునకు ప్రతీక, ఒక్క దినమున జరుగదగినది. మొద్దును రూపుమాపుట వేరొక కార్యము, దానికి వేరొక పరికరము.

ఎంతలోతు తురుమవలె? జామాయిలు పిలకలు పుట్టునది నేలమట్టమున నున్న బెరడులోని సుప్తాంకురములనుండి. కనుక జానెడు లోతు తీసినచో చాలును, దూరముగా ప్రాకిన వేళ్లు తమంత కుళ్లిపోవును. తాటికి ఈ శ్రమయును లేదు; దానికి ఒక్కటే మొవ్వు, అది తెగినచో చెట్టు చచ్చినదే. పాళీసూత్రములు అర్హంతుని తృష్ణను తల తెగిన తాటితో పోల్చుట చెట్లెఱిగినవారి మాట. కాని బీడీ ఆకుల తునికి యున్నదే, అది వేళ్లనుండియే పిలకలు వేయును. మొద్దును తురిమి మురిసినవాని చుట్టును పది మొక్కలు లేచును. మనస్సులోని కామములన్నియు ఒక్క జాతివి కావు. ఒకానొక వ్యసనమును ఒక్క ఉదయమున విడిచి మరల తలపనివారు కలరు. అదే మనుష్యుడు కీర్తికాంక్షను ఒకచోట అణచినచో అది వినయమను పేరుతో మరియొకచోట మొలచుటయు కలదు. తాను నరకుచున్నది ఏ చెట్టో తెలియక, పరుల వైరాగ్యమును కొలబద్దగా పెట్టుకొని నిస్పృహ చెందువారిని చూచినప్పుడు నాకు జాలి కలుగును.

14వ శతాబ్దమున విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున ఈ చిక్కును నిర్మొగమాటముగా విప్పిరి. తత్త్వజ్ఞానము కలిగినంతమాత్రమున వాసనలు నశింపవనియు, తత్త్వజ్ఞాన మనోనాశ వాసనాక్షయములను మూటిని కలిపి అభ్యసింపవలెననియు వారి సిద్ధాంతము. అందులకు వారు చూపిన నిదర్శనము మరెవ్వరో కాదు, యాజ్ఞవల్క్యుడే! జనకుని సభలో గెలువవలెనను కాంక్షయు, విద్యామదమును ఆయనను వదలలేదని వారు వ్రాసిరి. మూలమును గూర్చి సభను నిరుత్తరమొనర్చిన మహర్షి యెదుటనే ఒక చిన్న పిలక మొలచియుండెనన్నమాట. ఇంత మాట వ్రాయుటకు గురువులయెడ భక్తితోపాటు ధైర్యమును కావలయును.

చివరకు ట్రాక్టరు పీటీవోను ఆపినను చక్రము వెంటనే నిలువదు. దాని బరువుచేత కొంతసేపు తిరుగుచునే యుండును. ఓవర్‌రన్నింగ్ క్లచ్చు లేనిచో ఆ వేగము వెనుకకు మరలి ట్రాక్టరునే ముందుకు నెట్టగలదు. జ్ఞానియొక్క ప్రారబ్ధ శేషమునకు శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున కుమ్మరి చక్రమును దృష్టాంతముగా చూపిరి. యంత్రపు చక్రము నిలుచువరకు దగ్గరకు పోకుండుటయే బుద్ధిమంతుల పని. పొట్టు విషయమున కూడ తొందర పనికిరాదు. అది మంటిలో కలిసి కుళ్లునప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే లాగుకొనును. ఆ యేడు అచ్చట నాటిన మొక్క ఆకులు పసుపెక్కును. వెంటనే నాటవలసియున్న రైతు ఆ పొట్టును ఎత్తి పెంటదిబ్బపై వేసి, గుంటను మంచి మట్టితో పూడ్చుకొనవలయును.