‘తనకు మాలిన ధర్మం’: శిశు టీకాల నైతికత – ఒక పరిశీలన

‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అనే సామెతను సంకలనాల్లో చాలాసార్లు చూశాను. అది ఒక నైతిక ప్రశ్నగా ఎదురైంది మాత్రం ఒక పల్లెటూరి ఆరోగ్య ఉపకేంద్రం వరండాలో. పదహారు నెలలు నిండిన మా అక్క కొడుక్కి తట్టు–రుబెల్లా టీకా రెండో మోతాదు వేయించడానికి ఒక బుధవారం అక్కడికి వెళ్లాం. రుబెల్లా అంటే ఏమిటని మా అమ్మమ్మ అడిగింది. పిల్లలకు వస్తే రెండు మూడు రోజుల జ్వరం, ఒంటి మీద దద్దురు, అంతకు మించి సాధారణంగా ఏమీ ఉండదని, గర్భిణికి సోకితేనే కడుపులోని బిడ్డకు ప్రమాదమని నర్సమ్మ చెప్పింది. “మరి మగపిల్లాడికెందుకమ్మా ఈ సూది? తనకు మాలిన ధర్మం కాదూ!” అంది అమ్మమ్మ. ఆ మాటను తెలియనితనంగా కొట్టివేయడం సులభం. కానీ శిశువులకు వేసే టీకాలకు నైతికమైన ఆధారం ఏమిటన్న విచారణ ఆ ప్రశ్న దగ్గరే మొదలుకావాలని నా ఉద్దేశం.

ముందుగా సామెతలోని రెండు పదాలను విడమర్చుకోవాలి. ‘మాలు’ ధాతువుకు లోపించడం, లేకుండా పోవడం అని అర్థం. పనికిమాలిన, నీతిమాలిన, దిక్కుమాలిన వంటి ప్రయోగాల్లో అది నేటికీ సజీవంగా ఉంది. ‘మొదలు’ అంటే ఇక్కడ ఆరంభం కాదు. వర్తకుడి పెట్టుబడి, అసలు. కాబట్టి ఈ సామెత పరోపకారాన్ని నిషేధించడం లేదు. లాభంలోంచి ఎంతైనా ఇవ్వవచ్చు, అసలే కరిగిపోయేలా ఇవ్వకూడదంటోంది. దీన్ని స్వార్థపరుల సూక్తిగా వ్యాఖ్యానించడం తొందరపాటు. ఇచ్చినవాడికి ఏం మిగిలిందని అడగడం కూడా నీతి విచారణలో భాగమే. అయితే సామెతలోని దాత వయసొచ్చినవాడు, బేరం తానే కుదుర్చుకున్నవాడు. పదహారు నెలల పిల్లవాడు ఏ బేరానికీ కూర్చోలేదు. అతని తరఫున పెద్దలు కూర్చున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

టీకాలన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివా చెడ్డవా అని వాదించడం వల్ల ఈ చిక్కు కనబడకుండా పోతోంది. మన జాతీయ పట్టిక ప్రకారం శిశువు పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, 24 గంటల లోపు హెపటైటిస్–బి టీకా ఇస్తారు. 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ మొదలైనవి, 9–12 నెలల మధ్య ఒకసారి, 16–24 నెలల మధ్య మరొకసారి తట్టు–రుబెల్లా ఇస్తారు. ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు 10, 16 ఏళ్ల వయసులోనూ గర్భిణులకూ ఉంటాయి. వీటి ఫలం అందరికీ ఒకే తీరుగా చెందదు. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటుకోదు. ఆ టీకా ఫలం వేసుకున్నవారిది, గర్భిణి వేసుకుంటే ఆమెతోపాటు పుట్టబోయే బిడ్డది. తట్టు అలా కాదు. అంటువ్యాధుల్లో అతివేగంగా వ్యాపించేవాటిలో అదొకటి. నూటికి 95 మందికి రోగనిరోధకత ఉంటే తప్ప దాని వ్యాప్తి ఆగదు. అక్కడ ఫలం తనదీ పరులదీ కూడా. మగపిల్లవాడికి వేసే రుబెల్లా టీకా దగ్గరకు వచ్చేసరికి ఫలం దాదాపు పూర్తిగా పరులదే. ‘నీ మేలు కోసమే’ అని బిడ్డను బుజ్జగించే అవకాశం పెద్దలకు ఇక్కడ లేదు.

రుబెల్లా గర్భస్థ శిశువుకు చేసే హానిని 1941లో నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి వైద్యుడు గుర్తించాడు. శుక్లాలతో పుట్టిన పసివాళ్ల తల్లులకు గర్భం తొలినాళ్లలో ఈ జబ్బు సోకిందని గమనించాడు. చెవుడు, గుండె లోపాలు కూడా ఇలాగే వస్తాయి. టీకా వచ్చాక రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. అమెరికా 1969 నుంచి ఆడా మగా తేడా లేకుండా చిన్నపిల్లలందరికీ వేసింది. బ్రిటన్ 1970లో 11–13 ఏళ్ల బాలికలకు మాత్రమే వేయడం ప్రారంభించింది. బ్రిటన్ పద్ధతి మా అమ్మమ్మ తర్కానికి దగ్గరగా ఉంటుంది: ప్రమాదం ఎవరిదో భారం వారిది. పైకి ఇది న్యాయంగానే తోస్తుంది. అయితే టీకా వేయని చిన్నపిల్లల్లో జబ్బు తిరుగుతూనే ఉంది. టీకా అందని, లేదా అంది కూడా ఫలించని స్త్రీలకు గర్భసమయంలో అది సోకుతూనే ఉంది. చివరికి 1988లో బ్రిటన్ పిల్లలందరికీ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి టీకా ఇవ్వసాగింది. 2017లో మన దేశం తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు బాలబాలికలందరినీ ఉద్దేశించి దశలవారీగా ఉద్యమం నడిపింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అది ఆ ఏడాది ఆగస్టులో జరిగింది.

ఆనాడు నర్సమ్మ ఈ చరిత్రంతా చెప్పలేదు. “నీ మనవరాలు మళ్లీ నీళ్లోసుకుంటే ఈ బుడ్డోడే ఇంట్లోకి తెచ్చి అంటిస్తాడు మామ్మా” అంది. బ్రిటన్ పద్ధతికి పద్దెనిమిదేళ్ల అనుభవం చెప్పిన జవాబు కూడా ఇదే.

ఇక్కడే మరో మెలిక ఉంది. కొంతమందికే టీకా వేస్తే వ్యాప్తి ఆగదు సరికదా, నెమ్మదిస్తుంది. టీకా లేని ఆడపిల్లలు చిన్నతనంలో ఆ జబ్బును తప్పించుకొని, గర్భం ధరించే వయసులో దాని బారిన పడతారు. టీకా సగం మందికి కూడా అందని గ్రీసులో 1993లో జరిగింది అదే. డబ్బున్నవారు మాత్రమే తమ పిల్లలకు టీకా కొనుక్కోగలిగిన సమాజంలో, వారు తెలియకుండానే లేనివారి మీదికి ప్రమాదాన్ని నెట్టినవారవుతారు. సగం ధర్మం ఒక్కోసారి అధర్మమవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తారసపడలేదు.

ఇంతకీ పిల్లవాడు చేసేది ధర్మమేనా? దానం అనుకుంటే అమ్మమ్మ ఆక్షేపణ నిలుస్తుంది. పసివాడి చేత దానం చేయించే హక్కు ఎవరికీ లేదు. తీర్చవలసిన ఋణం అనుకుంటే చిత్రం మారుతుంది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెప్పింది. శతపథ బ్రాహ్మణం ఆ మాటను పుట్టిన ప్రతివాడికీ వర్తింపజేసి, దేవ, ఋషి, పితృ ఋణాలకు నాలుగోదిగా మనుష్య ఋణాన్ని చేర్చింది. ఆశ్రయం, అన్నం ఇవ్వడం ద్వారా అది తీరుతుందన్నది. మూడు ఋణాలు ప్రసిద్ధికెక్కినంతగా ఈ నాలుగోది ఎక్కలేదు. ఋణ భావనను పిల్లల మెడలు వంచడానికి ఎంతగా వాడుకున్నారో తెలియనిది కాదు. అందుకే దాన్ని ఇక్కడికి తేవడానికి కొంత జంకుతున్నాను. అయినా శిశువు విషయంలో అది కేవలం ఉపమానం కాదు. తట్టు టీకాకు తొమ్మిది నెలలు ఎందుకు ఆగుతారు? తల్లి నుంచి గర్భంలోనే సంక్రమించిన ప్రతిరక్షకాలు బిడ్డ రక్తంలో కొన్ని నెలలు నిలుస్తాయి. అవి ఉండగా వేసిన టీకా సరిగా పట్టదు. ఆ అప్పు కరిగేదాకా ఆగాలి. అది కరిగిపోయిన తర్వాత, టీకా పడేలోగా బిడ్డను కాపాడేది చుట్టూ ఉన్నవారి రోగనిరోధకత. అంటే సూది పడేనాటికే పిల్లవాడు ఎదుటివారి శరీరాల నుంచి పుచ్చుకొని ఉన్నాడు. రక్తపు క్యాన్సరుకు చికిత్స పొందుతున్న పిల్లలకు తట్టు–రుబెల్లా వంటి సజీవ టీకాలు వేయరాదు. వాళ్లు ఏళ్ల తరబడి అలా పుచ్చుకుంటూ బతకవలసినవాళ్లే. ఒకనాటి జ్వరం, జబ్బ నొప్పి ఈ లెక్కలో వడ్డీ పాటివి, అసలు చెడలేదు.

అసలు చెడే సందర్భం లేదా? ఉంది. దాన్ని దాచిపెట్టి టీకాలను సమర్థించడం పరిశోధకుడి పని కాదు. పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. సుమారు 27 లక్షల తొలి మోతాదులకు ఒకటి చొప్పున అదే పక్షవాతానికి కారణమవుతుందని అంచనా. సహజ పోలియో వైరస్ వల్ల మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియోరహితమని ధ్రువీకరణ వచ్చింది. వ్యాధి ఊరూరా ఉన్నప్పుడు చుక్కల వల్ల కలిగే అపాయం దాని ముందు లెక్కలోకి రాదు. వ్యాధి వెళ్లిపోయిన కొద్దీ అదే చుక్క నైతికంగా బరువెక్కుతుంది. అమెరికా 2000లో చుక్కలు మాని పూర్తిగా ఇంజెక్షన్‌కు మారింది. మన పట్టికలో చుక్కలతోపాటు ఇంజెక్షన్ కూడా చేరింది. ఏమైనా, లక్షల మంది తరఫున ఒక బిడ్డ అసలునే పోగొట్టుకుంటే అప్పటి నుంచి అప్పు తిరగబడుతుంది: సమాజం ఆ బిడ్డకు ఋణపడుతుంది. టీకా వల్ల హాని పొందిన పిల్లలకు పరిహారం ఇచ్చేందుకు అమెరికా 1986లో చట్టం చేసింది. మన చర్చల్లో ఈ తిరుగు ఋణం ప్రస్తావన అరుదు. టీకా వద్దనే తల్లిదండ్రులను నిందించే గొంతులే ఎక్కువ వినబడతాయి.

అప్పు ఎవరి దగ్గర ముందు వసూలు చేస్తున్నామన్న ప్రశ్న కూడా తెలుగు నేలకు కొత్త కాదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాను 10–14 ఏళ్ల బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. సుమారు 14,000 మంది బాలికలు. వారిలో గిరిజన బాలికలు, వసతి గృహాల్లో చదువుకునేవారు ఎందరో ఉన్నారు. కొన్ని మరణాలు సంభవించాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదనే విచారణ సంఘం అభిప్రాయపడింది. టీకా ప్రయోజనాన్ని నేను శంకించడం లేదు. నన్ను ఆపింది మరొక లెక్క. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం సమర్పించిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం చేసింది వసతి గృహాల వార్డెన్లు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి.

వేలిముద్ర వేసినవారికి ఏం చెప్పారో పత్రం చూసి తెలుసుకోలేం. వార్డెన్ల సంతకాల సంగతి అలా కాదు. ఆ పిల్లల తల్లిదండ్రులను ఎవరూ అడగనే లేదు. రోడ్డు, బడి, ఆసుపత్రి సరిగా అందని గూడేలకు సమాజమే బాకీ పడి ఉంది. అలాంటి చోట మనుష్య ఋణం పేరుతో ముందుగా చేయి చాచడమంటే, అప్పు ఇచ్చినవాడినే అప్పు తీర్చమని నిలదీయడం. ఆ బాలికల ఇళ్లలోనూ అమ్మమ్మలు ఉండే ఉంటారు. మా అమ్మమ్మ నర్సమ్మ మాట విని కాసేపు ఏమీ అనలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు తొందర పెడుతున్నా పట్టించుకోలేదు. “జ్వరమొస్తే ఏ మందెయ్యాలో చెప్పు” అని అడిగి, మోతాదు రెండుసార్లు చెప్పించుకుని, అప్పుడు తానే పిల్లవాడి చొక్కా కుడిచేతిని పైకి మడిచింది.