ఫ్లూ టీకా వేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమా?

జుమా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోతుండగా ఒక యువకుడు నన్ను ఆపి అడిగాడు. "మౌలానా సాబ్! మా అబ్బాజాన్‌కు షుగర్ ఉంది, ఆయాసం కూడా ఉంది. వానాకాలం రాకముందే ఆయనకు ఫ్లూ టీకా వేయించమనీ, ఇంట్లో వాళ్లం కూడా వేయించుకుంటే ఇంకా మంచిదనీ డాక్టరుగారు చెప్పారు. అబ్బాజాన్‌కు తప్పకుండా వేయిస్తాను. కాని నాకు ముప్పై ఏళ్లు, ఆరోగ్యంగా ఉన్నాను. జ్వరం వచ్చినా మూడు రోజుల్లో పోతుంది. రాని జబ్బు కోసం సూది వేయించుకోవడం అల్లాహ్ మీది తవక్కుల్‌కు విరుద్ధం కాదా?"

అతను సూదికి భయపడి సాకు వెతుక్కునేవాడు కాదు. ఐదు పూటలా మసీదుకు వచ్చేవాడు. కనుక ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చడం నాకు సబబుగా తోచలేదు. అలా తోసిపుచ్చలేకపోవడానికి నా సొంత కారణం ఒకటి ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు అసలు ఫ్లూ అంటే ఏమిటో తెలుసుకోవాలి. మనలో చాలామంది జలుబునూ ఫ్లూనూ ఒకటిగానే లెక్కగడతారు. జలుబు మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ అలా కాదు, ఉదయం బాగానే ఉన్న మనిషిని సాయంత్రానికి మంచాన పడేస్తుంది. తీవ్ర జ్వరం, ఒళ్లంతా నొప్పులు, పొడిదగ్గు, లేచి వుజూ చేసుకోలేనంత నీరసం. చాలామంది వారం రోజుల్లో కోలుకుంటారు. కాని వృద్ధులకు, గర్భిణులకు, పసిపిల్లలకు, షుగర్, ఆస్తమా, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి అది న్యుమోనియాగా మారవచ్చు. ఫ్లూ వల్ల కలిగే శ్వాసకోశ వ్యాధులతో ప్రపంచంలో ఏటా 2,90,000 నుండి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1918లో వచ్చిన ఫ్లూ మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009లో 'స్వైన్ ఫ్లూ' అని మనం భయపడిన వ్యాధి దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయింది హైదరాబాదులోనే. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా మన మధ్యనే తిరుగుతోంది. మన దేశంలో ఇది సాధారణంగా వానాకాలంలో ఒకసారి, జనవరి-మార్చి మధ్య మరోసారి పెరుగుతుంది.

ఈ వైరస్ తన రూపాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుని, ఏయే రకాలకు టీకా తయారు చేయాలో సూచిస్తారు. పోయినేడు వేయించుకున్న టీకా ఈ ఏడుకు చాలకపోవడానికి ఇదొక కారణం, శరీరంలోని రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోవడం మరో కారణం. మాటలో నిజాయితీ ఉండాలి కాబట్టి ఇది కూడా చెప్పాలి: ఈ టీకా నూటికి నూరుపాళ్లు ఆపదు. వైరస్ రకానికి టీకా బాగా సరిపోయిన సంవత్సరాల్లో, డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినంత జబ్బును సుమారు 40 నుండి 60 శాతం తగ్గిస్తుంది. టీకా వేయించుకున్నా జబ్బు వచ్చినవారిలో తీవ్రత తక్కువగా ఉంటుంది. సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు కనుక, టీకా వల్లనే ఫ్లూ వచ్చిందనే మాట సరికాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మాత్రం ఉండవచ్చు.

ఇక హలాల్-హరామ్ సంగతి. ఫ్లూ సూదిమందును ఎక్కువగా కోడిగుడ్లలో పెంచిన వైరస్‌ను చంపి తయారు చేస్తారు. పంది నుండి తీసిన జెలటిన్ గురించిన వివాదం ప్రధానంగా కొన్ని దేశాల్లో పిల్లలకు ముక్కులో కొట్టే ఒక రకం టీకాకు సంబంధించినది. దాని విషయంలో కూడా 1995లో కువైట్‌లో సమావేశమైన వందమందికి పైగా పండితులు, పదార్థం పూర్తిగా మారిపోతే దాని ఆదేశమూ మారుతుందన్న సూత్రాన్ని ఆధారం చేసుకుని అనుమతి వైపే మొగ్గు చూపారు. సూది వేయించుకునేవారు ఈ చర్చలోకి వెళ్లాల్సిన అవసరమే లేదు.

ఇప్పుడు తవక్కుల్ విషయానికి వద్దాం. ఆ యువకుడి మాటకు ఆధారం లేకపోలేదు. లెక్కాపత్రం లేకుండా స్వర్గంలో ప్రవేశించే డెబ్భై వేల మంది గురించి ఒక ప్రామాణిక హదీసు ఉంది. వారు మంత్రం వేయించుకోరు, వాతలు పెట్టించుకోరు, తమ ప్రభువు మీదనే భారం వేస్తారు. ఈ హదీసును చూపి వైద్యం మానేయడమే ఉన్నతమని భావించినవారు పూర్వపు పుణ్యపురుషుల్లోనూ ఉన్నారు. మన హనఫీ ధర్మశాస్త్రం కూడా ఇక్కడ ఒక సూక్ష్మమైన తేడాను గుర్తించింది. అన్నం ఉండి కూడా తినకుండా చనిపోయినవాడు పాపి. మందు తీసుకోకుండా చనిపోయినవాడు పాపి కాడు. ఎందుకంటే అన్నం ఆకలి తీర్చడం ఖాయం, మందు జబ్బు తగ్గించడం ఖాయం కాదు. ఫతావా ఆలమ్‌గీరీ సాధనాలను మూడు రకాలుగా విభజిస్తూ ఈ మాటే చెబుతుంది. ఖాయమైన సాధనాన్ని వదలడం తవక్కుల్ కాదు, నిషిద్ధం. మందులాంటి సాధనాన్ని వాడటం తవక్కుల్‌కు విరుద్ధమూ కాదు, దాన్ని వదలడం నిషిద్ధమూ కాదు.

'రాని జబ్బు' అన్న మాటకు మాత్రం జవాబు సులభం. దైవప్రవక్త (స) ఉహుద్ నాడు ఒకటి కాదు, రెండు కవచాలు ధరించి యుద్ధభూమికి వచ్చారు. ఇంకా తగలని దెబ్బ కోసమే కదా కవచం! ఆయన (స) కన్నా ఎక్కువ తవక్కుల్ ఎవరికి ఉంటుంది? ఇంకో మాట కూడా అనక తప్పదు. హజ్‌కు వెళ్లే మన సోదరులు మెనింజైటిస్ టీకా కోసం చొక్కా చేయి పైకి మడిచి వరుసలో నిలబడతారు. అది లేకపోతే వీసా రాదు. అప్పుడు తవక్కుల్ ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు.

అయితే అసలు విషయం ఇది కాదు. పైన చెప్పిన ఫిఖహ్ ఆదేశం ఎవరి గురించి? తన శరీరం గురించి, తన ప్రాణం గురించి నిర్ణయించుకునే వ్యక్తి గురించి. మందు మానేస్తే నష్టపోయేది అతనే. సహనం అతనిది, ప్రతిఫలమూ అతనిదే. ఫ్లూ సోకిన మనిషి పరిస్థితి అలాంటిదేనా? జ్వరం మొదలవడానికి దాదాపు ఒక రోజు ముందు నుంచే అతని శ్వాస ద్వారా వైరస్ ఇతరులకు అంటుకోగలదు. ఆ తర్వాత కూడా ఐదు నుంచి ఏడు రోజులు అంటుకోవచ్చు. "ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లోనే ఉంటాను" అనే జాగ్రత్త మంచిదే, కాని చాలదు. తనకు జబ్బు ఉందని తెలియని రోజునే అతను జమాఅత్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డాడు, తండ్రికి అన్నం వడ్డించాడు, చెల్లెలి పసికందును ముద్దాడాడు. ఆరు నెలలు నిండని ఆ బిడ్డకు ఈ టీకా వేయరు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుని ఉంటే ఆమె నుండి వచ్చిన రక్షణ, చుట్టూ ఉన్నవారి జాగ్రత్త, బిడ్డకు ఉన్నవి ఇవే.

నాకు నేను తవక్కుల్ చేయగలను. మా అబ్బాజాన్ ఊపిరితిత్తులతో నేను తవక్కుల్ చేయవచ్చా?

అమ్వాస్ ప్లేగు సంఘటన పాఠకులకు తెలిసినదే. హిజ్రీ 18వ సంవత్సరంలో సిరియా ప్రాంతంలో ఆ మహమ్మారి విజృంభించింది. హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. దైవ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించారు. ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపుకే వెళుతున్నామని, పచ్చిక ఉన్న లోయగట్టున ఒంటెల్ని మేపినా, బీడుగట్టున మేపినా రెండూ విధివ్రాతే కదా అని ఆయన బదులిచ్చారు. మనం ఖుత్బాల్లో ఇంతవరకే చెప్పి ఆపేస్తాం. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) అక్కడ వినిపించిన హదీసులో రెండు భాగాలున్నాయి. ప్లేగు ఉన్న చోటికి బయటివాడు వెళ్లకూడదు. ఇది తన ప్రాణ రక్షణ. లోపల ఉన్నవాడు పారిపోయి బయటికి రాకూడదు. ఇది ఎవరి రక్షణ? పారిపోతే తాను బతకవచ్చునేమో, అయినా ఆగమన్నారు. పండితులు దీనికి వేర్వేరు కారణాలు చెప్పారు. అతని వెంట జబ్బు బయటి ఊళ్లకు పోకూడదన్నది వాటిలో ఒకటి. అలా సహనంతో ఆగి చనిపోయినవాడికి షహీదు పుణ్యం ఉందని మరో హదీసు చెబుతుంది. అబూ ఉబైదా (ర) ఆగారు, ఆ ప్లేగులోనే కన్నుమూశారు. జబ్బు ఒంటెల యజమాని తన ఒంటెల్ని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలకూడదన్న ఆదేశం కూడా దీనికి తోడుగా చూడండి. అక్కడా ఆదేశం జబ్బు ఒంటెల యజమానికే.

ఈ హదీసును నాకు మదర్సాలో చెప్పిన ఉస్తాద్‌గారికి ఇప్పుడు డెబ్భై దాటాయి. కొన్నేళ్ల క్రితం ఒక రమజాన్‌లో, ఒళ్లు నొప్పులుగా ఉన్నా ఏం కాదులే అనుకుని ఆయన్ను చూడబోయాను. గంటసేపు పక్కనే కూర్చున్నాను. ఆ రాత్రే నాకు జ్వరం వచ్చింది, నాలుగు రోజుల్లో తగ్గింది. ఐదో రోజున ఆయన్ను ఆస్పత్రిలో చేర్చారని కబురు వచ్చింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. అల్లాహ్ దయవల్ల ఇంటికి వచ్చారు గాని, ఒకే శ్వాసలో పొడవాటి ఆయతు చదివే ఆ గొంతు మళ్లీ రాలేదు. నా వల్లే ఆయనకు అంటిందని ఎవరూ చెప్పలేరు. అంటలేదని నేనూ చెప్పలేను. చూడటానికి వెళ్లినప్పుడు ఆయన నన్ను ఏమీ అనలేదు. "బేటా, నువ్వు కోలుకున్నావా?" అని మాత్రం అడిగారు.

దీన్నిబట్టి ప్రతి ముస్లిం మీదా ఫ్లూ టీకా వాజిబ్ అని నేను ఫత్వా ఇవ్వడం లేదు. రక్షణ పాక్షికమే. ధర కూడా రోజుకూలీ చేసుకునేవారికి తక్కువేమీ కాదు. స్థోమత లేనివారిని నిందించడం అన్యాయం. ప్రతి ఏటా లక్షల ఖర్చుతో ఇఫ్తార్ విందులు చేసే మన కమిటీలు, మొహల్లాలోని పేద వృద్ధులకు సదఖా నుండి ఈ సూది వేయిస్తే ఎంత బాగుంటుంది! కాని స్థోమత ఉండి, ఇంట్లో బలహీనులు ఉండి, తవక్కుల్ పేరుతో వదిలేసేవారు మాత్రం తాము ఎవరి హక్కు గురించి మాట్లాడుతున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి. ఇది హుఖూఖుల్ ఇబాద్ విషయం.

ఇదంతా ఆ యువకుడికి కుదించి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "నా వల్ల అబ్బాజాన్‌కు జబ్బు వస్తే రేపు ఖియామత్ నాడు నన్ను ప్రశ్నిస్తారా మౌలానా?" అని అడిగాడు. తెలియక జరిగిన దాన్ని అల్లాహ్ క్షమిస్తాడని ఆశ ఉందనీ, తెలిసిన తర్వాతి సంగతి తలచుకుంటే నాకూ భయమేననీ అన్నాను. టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది కనుక వానలు మొదలవకముందే వెళ్లమని, ఇదివరకు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పమని కూడా అన్నాను. అతను ఇంట్లో ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "మా బావగారు రోజూ మా ఇంట్లోనే భోంచేస్తారు, ఆయన్ను కూడా కలపాలి" అంటూ చెప్పులు తొడుక్కున్నాడు.