రాములవారి బిళ్ల

మా సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపుల్లేవు. అందుచేత మా అత్తగారు ఏ వేళప్పుడైనా దర్శనానికి బయల్దేరతారు. అలా వెళ్లినప్పుడే ఓసారి దార్లో ఎవడికో రెండువేలిచ్చి, రాగిరంగు బిళ్ల కొనుక్కొచ్చారు. ఒకవైపు రామపట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818.

"బియ్యపుగింజల్ని లాక్కుంటుందే, కళ్లారా చూశాను!" అన్నారు. మా ఇంటి బియ్యం మాత్రం కదల్లేదు.

నాణేలు పోగుచేసే మా అబ్బాయి నవ్వేశాడు. కంపెనీవాళ్లు రాముడి బొమ్మతో నాణెం వెయ్యనేలేదట. వెంకటేశ్వరస్వామిని ఇద్దరు దేవేరులతో ముద్రించిన బంగారు వరహాలు మాత్రం మద్రాసులో నిజంగానే వేశారు. ఆ నిజం చాటునే ఈ అబద్ధం చెల్లుబాటవుతోంది, చూశారూ! గుండుసూది దగ్గరపెడితే బిళ్లకు టక్కున అంటుకుంది. రాగికి ఆ గుణమెక్కడిది? గింజలకు ఇనపరజను పట్టించి లాగించడం మన రెండు రాష్ట్రాల పోలీసులూ ఎన్నోసార్లు పట్టుకున్న మోసమే.

అత్తగారికి చెప్పనా, మాననా? దణ్ణం పెట్టుకోడానికి నాణెం ఏ ఏటిదైతేనేం, పెద్దావిడ మనసెందుకు కష్టపెట్టాలి అనుకుని ఊరుకున్నాను. నవలలు రాసేదాన్ని, కల్పనంటే కాస్త పక్షపాతం కూడానేమో.

మొన్న పక్కింటావిడ, కూతురికి సంబంధం కుదరాలని, కొన్న ధరకే ఆ బిళ్ల ఇమ్మంది. అత్తగారు జాలిపడి సరేనన్నారు. ఇంక నేను నోరు మెదపకపోతే ఆ రెండువేలూ నేను కాజేసినట్టే. వంటింట్లోకి పిలిచి చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు. పక్కింటావిడకు ఏదో సర్దిచెప్పి పంపేసి వచ్చారు.

"నీకెప్పుడు తెలిసిందే?"

"ఆర్నెల్లయింది, అత్తయ్యా."

"ఆర్నెల్లూ నేను దానికి దీపం పెడుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

రెండువేల ఊసు ఎత్తనేలేదు.